మట్టి ఎన్ని టిప్పర్లో కాదు, ఎన్ని పొరలో అడగండి

ప్రశ్న: తెనాలి దగ్గర 240 గజాల స్థలం కొన్నాం. 36 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, దక్షిణం రోడ్డు. ఒకప్పుడు వరిచేను, ఇప్పుడు వెంచర్. నల్లరేగడి నేల. రోడ్డుకు మూడున్నర అడుగులు పల్లంలో ఉంది. స్థలం మధ్యలోంచి ఒకప్పుడు బోదె (చేలకు నీళ్లు పారే చిన్న కాలువ) పోయేదట, వెంచర్ వేసినప్పుడు పూడ్చేశారు. మేస్త్రి తీసుకొచ్చిన కాంట్రాక్టరు మొత్తం 18 టిప్పర్లు పడుతుందని, కింద చెరువు మట్టి పోసి పైన ఒక అడుగు గ్రావెల్ వేసి, జేసీబీతో లెవెల్ చేసి చివర్లో రోలర్ తిప్పిస్తానని అంటున్నాడు. టిప్పర్ బాడీ కొలిచాను: 14 అడుగుల పొడవు, ఏడున్నర వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. వైశాఖంలో శంకుస్థాపన ముహూర్తం పెట్టుకున్నాం. మా బావమరిది మాత్రం ఒక వానాకాలం తడవనిచ్చి అప్పుడు కట్టమంటున్నాడు. ఈశాన్యం పల్లం ఉండాలని మా నాన్నగారి పట్టు, డ్రెయిను చూస్తే దక్షిణాన ఉంది. తూర్పు పక్క ఇల్లు కట్టుకున్నాయన, మీరు ఎత్తు చేస్తే నీళ్లన్నీ మా ఇంట్లోకే వస్తాయని ఇప్పట్నుంచే గొడవ. లోను పెట్టి కడుతున్నాం, చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా

సమాధానం:

ముందు మీ టెన్షన్ కొంత దించుతాను. ముహూర్తం మార్చుకోనక్కర్లేదు, వానాకాలం దాకా ఆగనక్కర్లేదు. కానీ ఆ కాంట్రాక్టరు చెప్పిన పద్ధతిలో మాత్రం పని చేయించకండి. పనుల వరస మార్చాలి, మట్టి మార్చాలి. రెండూ మీ చేతిలో ఉన్నవే.

ఆయన చెప్పిన 18 టిప్పర్ల దగ్గరే మొదలుపెడదాం, ఎందుకంటే అసలు సంగతంతా ఆ అంకెలోనే ఉంది. మీరు కొలిచిన బాడీలో సమంగా నింపితే 420 ఘనపుటడుగులు పడుతుంది. 18 టిప్పర్లంటే 7,560. మీ స్థలం 2,160 చదరపు అడుగులు. దాన్ని మూడున్నర అడుగులతో గుణిస్తే సరిగ్గా అదే 7,560 వస్తుంది. అంటే ఆయన గొయ్యి కొలిచి, అంతకంత మట్టి లెక్కేశాడు. తవ్వి టిప్పర్‌లో పోసిన మట్టి వదులుగా ఉంటుంది, దాన్ని గట్టిగా రోలింగ్ చేస్తే కుదించుకుపోతుంది. గ్రావెల్‌కి కనీసం పాతిక శాతం అదనంగా తోలించాలి. పైగా పాత చేను పైపొరను ఆరంగుళాలు గీకి తీసేయాలి కాబట్టి మీరు పూడ్చాల్సింది మూడున్నర కాదు, నాలుగడుగులు. అప్పుడు కుదించిన మట్టి 8,640 ఘనపుటడుగులు కావాలి, తోలించాల్సింది సుమారు 10,800. మీ టిప్పర్‌తో దగ్గర దగ్గర 26 ట్రిప్పులు. 18 ట్రిప్పులతో అదే ఎత్తు వచ్చిందంటే పైపొర తీయలేదనీ, మట్టిని కుదించలేదనీ అర్థం. అలా పోసిన మట్టి ఆ తర్వాత మీ టైల్స్ కింద, సెప్టిక్ ట్యాంకు పైపుల కింద, గేటు ముందు ర్యాంపు కింద నెమ్మదిగా కుంగుతుంది. గోడకూ ఫ్లోరింగ్‌కూ మధ్య వేలు దూరేంత సందు వచ్చిన ఇళ్లు మీ చుట్టుపక్కలే చాలా కనిపిస్తాయి. అక్కడ కుంగింది ఇల్లు కాదు, కింద పోసిన మట్టి.

ఇక చెరువు మట్టి. పూడిక మట్టి పొలానికి ఎంతో మంచిది. తెలంగాణలో మిషన్ కాకతీయ కింద చెరువులు తవ్వినప్పుడు రైతులు ట్రాక్టర్లు కట్టుకుని తోలుకున్నది అందుకే. ఒండ్రులో బంకమన్ను, కుళ్లిన ఆకూ అలమూ ఎక్కువ. చేనుకి బలాన్నిచ్చే ఆ గుణాలే ఇంటికింద పనికిరావు. కుళ్లేది కుళ్లిపోయి ఖాళీ ఏర్పడుతుంది. బంకమన్ను తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. మీ నేల ఎలాగూ నల్లరేగడి, ఎండాకాలంలో నెర్రెలు ఎంత లోతుగా పడతాయో మీ నాన్నగారికి నాకంటే బాగా తెలుసు. ఉబ్బే నేల మీద ఇంకో ఉబ్బే మట్టి తెచ్చి పోయడం అవసరమా? పైన అడుగు గ్రావెల్ వేస్తే చూడ్డానికి ఎర్రగా, గట్టిగా కనిపిస్తుంది. కింద మూడడుగులు అలాగే ఉంటుంది. అదీగాక చెరువు మట్టి, గ్రావెల్ ఏదైనా అనుమతి లేకుండా తవ్వి తోలితే బండి పట్టుకుంటారు. సీనరేజి (మట్టి తవ్వకానికి ప్రభుత్వానికి కట్టే రుసుము) కట్టిన బిల్లు, రవాణా పర్మిట్ చూపించమనండి. మధ్యలో బండ్లు ఆగిపోతే నష్టపోయేది మీరే.

ఏ మట్టి ఎంత ఉబ్బుతుందో తేల్చే పరీక్ష ఒకటుంది. ఖర్చు తక్కువ, చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. ఎండబెట్టి జల్లించిన మట్టి పది గ్రాముల చొప్పున రెండు గాజు కొలజాడీల్లో పోస్తారు. ఒకదాంట్లో నీళ్లు, రెండోదాంట్లో కిరోసిన్. బుడగలు పోయేలా కలిపి ఒక రోజు కదపకుండా ఉంచుతారు. కిరోసిన్‌లో ఏ మట్టీ ఉబ్బదు, పోసింది పోసినట్టే అడుగున కూర్చుంటుంది. నీళ్ల జాడీలో మంచి గ్రావెల్ మట్టి కూడా దాదాపు అంతే ఎత్తులో ఉంటుంది. నల్లమట్టి అయితే జాడీలో పైకి లేచి, రెండో జాడీతో పోలిస్తే ఒకటిన్నర రెట్లు, ఒక్కోసారి రెండు రెట్లు దాటిపోతుంది. ఆ తేడాని శాతంలో చెబుతారు. భారత ప్రమాణం ఐఎస్ 2720లో 40వ భాగం ఈ పరీక్షే. 50 శాతం దాటి ఉబ్బే మట్టిని జాతీయ రహదారి కట్టల్లో పోయనివ్వరు. మీ ఇంటికీ అదే గీత పెట్టుకోండి. కాంట్రాక్టరు తోలే క్వారీ నుంచి ఒక సంచి, మీ స్థలం నుంచి ఒక సంచి దగ్గర్లోని సాయిల్ టెస్టింగ్ ల్యాబ్‌కో, ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ విభాగానికో పంపండి. ఈ పరీక్షతో పాటు ప్రాక్టర్ పరీక్ష కూడా చేయమనండి, దాని సంగతి కిందకి వస్తుంది.

మరి ఏం పోయాలి? కొద్దిగా బంక ఉన్న గ్రావెల్, తెలంగాణ వైపు మొరం అంటారే, అది. రాళ్లూ ఇసకా ఎర్రమన్నూ కలిసి ఉండాలి. మూడంగుళాలు దాటిన రాళ్లు ఏరేయాలి. పూర్తిగా ఇసక పోయిద్దామని ఎవరైనా సలహా ఇస్తే నల్లరేగడి మీద అది మంచిది కాదని చెప్పండి. ఇసక గుండా నీళ్లు సులువుగా దిగి, కింద నల్లమట్టి దగ్గర నిలుస్తాయి. నల్లమట్టి ఉబ్బడానికి కావాల్సింది ఆ నీళ్లే. ఉబ్బని, కొంచెం బంక ఉన్న మట్టిని మీటరు మందం దాకా గట్టిగా కుదించి పైన పరిస్తే కింద నల్లమట్టి ఒత్తిడి చాలావరకు పైకి తెలియదని ఐఐటీ బొంబాయిలో ప్రొఫెసర్ ఆర్.కె. కట్టి పరిశోధించి చూపించారు. నల్లరేగడిలో కాలువల పనులకు ఇప్పటికీ అదే పద్ధతి వాడుతున్నారు. మీరు ఎలాగూ నాలుగడుగులు పోస్తున్నారు. సరైన మట్టి పోస్తే ఎత్తు రావడంతో పాటు ఈ రక్షణ కూడా దొరుకుతుంది. ఇబ్రహీంపట్నం థర్మల్ బూడిద చవగ్గా వస్తుందని మీ వైపు కొందరు తోలిస్తారు. అది ఉబ్బదు, తడిపి రోలింగ్ చేస్తే బాగానే కుదురుతుంది. కానీ చుట్టూ మట్టితో కట్టడి చేయకపోతే వానకి కొట్టుకుపోతుంది, ఎండకి దుమ్ము లేస్తుంది. ఇళ్ల మధ్య ఉన్న చిన్న స్థలానికి నేనైతే వద్దంటాను. పాత ఇళ్ల శిథిలాలు అసలే వద్దు. స్లాబు ముక్కల మధ్య సందులు ఎప్పటికీ పూడవు, కర్రముక్కలుంటే చెదలకు విందు.

ఇప్పుడు అసలైన మాట, పనుల వరస. మీ కాంట్రాక్టరు ముందు మట్టి పోసి, తర్వాత దాంట్లోనే పునాది గుంటలు తవ్వుదామని అనుకుంటున్నాడు. పోసిన మట్టి ఎంత బాగా కుదిరినా ఇంటి బరువు దాని మీద పెట్టకూడదు. పిల్లర్ల పాదం సహజమైన నేలలోనే ఉండాలి. నాలుగడుగులు పోశాక ఆ నేలలోకి మరో అయిదడుగులు దిగాలంటే ఒక్కో గుంట తొమ్మిదడుగులవుతుంది. కష్టపడి కుదించిన మట్టిని మళ్లీ తవ్వుకోవాలి, లోతైన గుంటలో మనుషులు దిగాలి. అందుకని వరస తిప్పేయండి. పైపొర గీకించి, ఇప్పుడున్న నేల మట్టం నుంచే పునాదులు తవ్వించండి. ముహూర్తానికి శంకుస్థాపన అక్కడే చేసుకోండి. పిల్లర్లు ప్లింత్ (ఇంటి లోపలి నేల మట్టం) ఎత్తు దాకా లేపి, క్యూరింగ్ (కాంక్రీటును నీళ్లతో తడిపి ఉంచడం) అయ్యాక అప్పుడు మట్టి తోలించండి. మీ డెల్టాలో ఇంకో లాభం కూడా ఉంది. కాలువలకు నీళ్లు వదిలాక గుంట తవ్వితే నీళ్లు ఊరతాయి, మోటారు పెట్టి తోడుకుంటూ కాంక్రీటు వేయాలి. వైశాఖంలో అయితే గుంటలు పొడిగా ఉంటాయి. ఆ రకంగా చూస్తే మీరు పెట్టుకున్న ముహూర్తం మంచిదే.

పునాది ఏ రకం అన్నది మీ నేల బోరు పరీక్ష చూసి స్ట్రక్చరల్ ఇంజనీరే చెప్పాలి. నల్లరేగడి లోతుగా ఉన్నచోట అండర్‌రీమ్డ్ పైల్స్ వేస్తారు. ఇవి నేలలోకి లోతుగా దించే కాంక్రీటు స్తంభాలు. అడుగున బల్బులా వెడల్పుగా ఉండే ఈ పైల్స్‌ని మన నల్లరేగడి కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ అభివృద్ధి చేసింది. పైల్స్ గురించిన భారత ప్రమాణం ప్రకారం లోతైన నల్లరేగడిలో అవి కనీసం 3.5 మీటర్లు దిగాలి. ఎండా వానా ప్రభావం అంత లోతుకి పెద్దగా చేరదు కాబట్టి. నీళ్లు పైకే తగిలే చోట పైల్స్ కష్టమని ఇంజనీరు వేరే దారి చెప్పొచ్చు. మేస్త్రి మాట మీద మాత్రం నిర్ణయించకండి. ఇంకొకటి అడగండి: పునాది నుంచి ప్లింత్ దాకా మీ పిల్లర్లు మామూలు కంటే పొడుగ్గా ఉంటాయి, మధ్యలో పాత నేల మట్టం దగ్గర ఒక టై బీమ్ (పిల్లర్లను కలిపి పట్టే అడ్డ దూలం) కావాలా అని.

పాత బోదె గురించి రాశారు, రాసి మంచి పని చేశారు. చాలామంది దాన్ని లెక్కలోకే తీసుకోరు. వెంచర్ వాళ్లు బోదె పూడ్చారంటే సాధారణంగా పైనుంచి మట్టి నెట్టేసి ఉంటారు. అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న బురద, తుంగ, వేళ్లు అలాగే ఉంటాయి. జేసీబీతో స్థలానికి అడ్డంగా రెండు మూడు చోట్ల కందకం తీయించండి. బోదె ఉన్నచోట మట్టి రంగు మారుతుంది, మురుగు వాసన వస్తుంది, పార ఇట్టే దిగిపోతుంది. దారి దొరికాక బురదంతా ఎత్తేసి, గట్టినేల తగిలేదాకా తవ్వి, అంచులు నిటారుగా కాకుండా మెట్లు మెట్లుగా వెడల్పు చేసి, గ్రావెల్‌తో పొరలుగా నింపాలి. ఇది చేయకపోతే తర్వాత ఫ్లోరింగ్‌లో పగులు సరిగ్గా బోదె పోయిన దారినే వస్తుంది. పునాది గుంటల్లో ఒకటి రెండు ఆ దారిలో పడే అవకాశం ఉంది కాబట్టి ఈ కందకాలు మార్కింగ్‌కి ముందే తీయించి, ఇంజనీరుకి చూపించండి. గీకిన పైపొర మట్టిని అమ్మనివ్వకండి. ఒక మూలన కుప్ప పోయించుకుంటే తర్వాత మొక్కలకు పనికొస్తుంది.

మట్టి కుదించే దగ్గర మీరు స్వయంగా నిలబడాలి. రోజంతా కాకపోయినా రోజూ. చివర్లో ఒకసారి రోలర్ తిప్పితే ఏమవుతుందంటే, పైనున్న కొద్ది అంగుళాలు రాయిలా తయారవుతాయి, కిందిదంతా వదులుగానే ఉండిపోతుంది. పైన నడిచి చూస్తే ఎంతో గట్టిగా ఉందనిపిస్తుంది, అక్కడే మోసపోతాం. పెద్ద రోలర్ తిరిగే ఖాళీ స్థలమైతే తొమ్మిదంగుళాల వదులు పొర పరిచి, తడిపి, రోలింగ్ చేసి, తర్వాతే పై పొర వేయాలి. అలా అయితే మీ నాలుగడుగులకి ఏడు పొరలు చాలేవి. మీకు పిల్లర్లు అడ్డం ఉంటాయి కాబట్టి చిన్న రోలరో ప్లేట్ వైబ్రేటరో వాడాలి, అవి అంత లోతుకి పనిచేయవు. ఆరంగుళాలు మించకుండా పరవండి. అప్పుడు పది పొరలవుతాయి. పిల్లర్ల చుట్టూ రెండడుగుల మేర యంత్రం వెళ్లనివ్వకుండా దిమ్మిసతో కొట్టించండి. పిల్లరుకి అన్ని వైపులా మట్టి ఒకే ఎత్తులో పెరగాలి. ఒక పక్క మూడడుగులు పోసి రెండో పక్క ఖాళీగా వదిలేస్తే మట్టి పిల్లరుని నెట్టేస్తుంది. టిప్పర్ రోడ్డు వైపే దించాలి, లోపలికి జేసీబీ బకెట్‌తో జాగ్రత్తగా సర్దాలి. మొదటి పొరకి ముందు గీకిన నేలను కూడా ఒకసారి కుదించడం మరచిపోకండి.

తడి ఎంత ఉండాలన్నది ఈ పనిలో కీలకం. పొడిగా ఉంటే రేణువులు ఒకదానికొకటి ఒరుసుకుని సర్దుకోవు, ఎంత తొక్కినా గట్టిపడవు. నీళ్లు ఎక్కువైతే సందుల్లో నీళ్లే నిండి, రోలర్ కింద మట్టి పరుపులా ఊగుతుంది. ఈ రెండింటి మధ్య ప్రతి మట్టికీ ఒక సరైన తేమ ఉంటుంది. ఆ తేమ ఎంతో, ఆ తేమలో మట్టి ఎంత సాంద్రతకి వస్తుందో చెప్పేదే ప్రాక్టర్ పరీక్ష. 1930ల్లో కాలిఫోర్నియాలో మట్టి ఆనకట్టలు కడుతూ ప్రాక్టర్ అనే ఇంజనీరు దీన్ని రూపొందించాడు, ఇవాళ ప్రపంచమంతా ఇదే వాడుతోంది. గ్రావెల్ మట్టికి ఆ తేమ మామూలుగా 8 నుంచి 12 శాతం మధ్య వస్తుంది. సైటులో చేత్తో చూసే పద్ధతి కూడా ఉంది. తడిపి కలిపిన మట్టిలోంచి రాళ్లు ఏరేసి గుప్పెడు తీసుకుని గట్టిగా పిండండి. వేళ్లు తెరిస్తే ముద్ద నిలవాలి, వేళ్ల అచ్చులు కనపడాలి, అరచేతికి తడి మాత్రమే తగలాలి. ఆ ముద్దని నడుమెత్తు నుంచి గట్టినేల మీద వదిలితే రెండు మూడు ముక్కలుగా విడిపోవాలి. పిడికిట్లోనే పొడి పొడిగా రాలిందంటే ఇంకా నీళ్లు చల్లాలి. వేళ్ల సందుల్లోంచి బురద కారినా, కింద పడ్డాక అప్పచ్చిలా అతుక్కున్నా ఆ పొరను ఆరనివ్వాలి.

ఎండాకాలంలో వచ్చే గ్రావెల్‌లో తేమ మూడు నాలుగు శాతం కూడా ఉండకపోవచ్చు. మీ స్థలమంతా పరిచిన ఒక ఆరంగుళాల పొరకి రెండున్నర నుంచి మూడువేల లీటర్ల దాకా నీళ్లు కావాలి. పది పొరలకి ఎన్ని ట్యాంకర్లో లెక్కేసుకోండి. అందుకే కాంట్రాక్టర్లు తడపడం ఎగ్గొడతారు. నీళ్లు ఎవరు తేవాలో ముందే మాట్లాడుకోండి. పైపుతో ఒకేచోట వదలకుండా, చల్లి, పారతో కలిపించి, కాసేపు ఆగి అప్పుడు యంత్రం తిప్పాలి.

పని బాగా జరిగిందో లేదో తేల్చడానికి ల్యాబ్ వాళ్లు సైటుకే వస్తారు. కుదించిన పొరలో చిన్న గుంట చేసి, తీసిన మట్టి చివరి రేణువు దాకా తూకం వేస్తారు. తర్వాత ఆ గుంటని ఒకే సైజు ఇసకతో నింపి, ఎంత ఇసక పట్టిందో చూసి గుంట ఘనపరిమాణం కడతారు. దాన్నిబట్టి సాంద్రత తెలుస్తుంది. ప్రాక్టర్ పరీక్షలో వచ్చిన దానికి 95 శాతం ఉండాలి. మూడు పొరలకొకసారి, రెండు చోట్ల చేయిస్తే మీ స్థలానికి చాలు. ఒక్కసారి పరీక్షలో తప్పి ఆ పొర మళ్లీ తడిపి తొక్కించాల్సి వచ్చిందంటే, ఆ తర్వాత పొరలన్నీ వాళ్లంతట వాళ్లే జాగ్రత్తగా చేస్తారు. పరీక్ష జరుగుతుందని పని మొదలవక ముందే చెప్పి, ఒప్పందంలో రాయించండి. తర్వాత చెబితే గొడవవుతుంది.

మీ బావమరిది మాటలో పూర్తిగా తప్పేమీ లేదు. పొరలు కుదించకుండా పోసిన మట్టి వానకి కొంత దిగుతుంది, నిజమే. కానీ వాన నీళ్లు పైపొరను తడిపి, మిగతావి పక్కకి పోతాయి. నాలుగడుగుల కింద దాకా సమంగా తడవదు. చెరువు మట్టి లాంటి బంకమట్టి ఒక్క వానాకాలంలో కుదరడం జరిగే పని కాదు. దానికి ఏళ్లు పడుతుంది. ఇసక పోసినచోట నీళ్లు పెట్టి కుదించడం పనిచేస్తుంది, అక్కడ చూసినదాన్ని జనం అన్ని మట్టులకూ చెప్పేస్తారు. మీరు పొరలుగా తడిపి తొక్కిస్తే ఆ పనంతా రెండు మూడు వారాల్లో అయిపోతుంది. ఒక వానాకాలం వేచి ఉండి, అన్ని నెలల అద్దె, లోను వడ్డీ కట్టడం కంటే ఆ డబ్బు నీళ్ల ట్యాంకర్లకీ ల్యాబుకీ పెట్టడం నయం.

నీళ్ల దారి, ఈశాన్యం, పక్కాయన గొడవ ఈ మూడూ ఒకే ముడి. లెవెల్ ఎప్పుడూ డ్రెయిను అడుగు నుంచి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. మీ రోడ్డు పక్క డ్రెయిను రోడ్డు మట్టానికి రెండడుగుల లోతు ఉందనుకుందాం. మీ పైపు డ్రెయిను అడుగుకి ఆరంగుళాలు పైన తెరుచుకోవాలి, లేకపోతే వానలో డ్రెయిను నీళ్లే మీ ఇంట్లోకి తంతాయి. అంటే పైపు నోరు రోడ్డుకి 18 అంగుళాలు కింద. అక్కడి నుంచి, ఇంటికీ హద్దుకీ మధ్య వదిలే ఖాళీలో, అంటే తూర్పు సెట్‌బ్యాక్‌లో భూమి లోపల 60 అడుగులు వెనక్కి, నూటికి ఒకటి వాలుతో వస్తే ఏడంగుళాలు పైకి వస్తుంది. ఈశాన్య మూలలో పైపు రోడ్డుకి 11 అంగుళాలు కింద ఉంటుంది. నాలుగంగుళాల పైపు పోను, పైన ఏడంగుళాల మట్టి ఉండేలా ఈశాన్యంలో నేలను రోడ్డు మట్టానికి ఉంచొచ్చు. నైరుతి మూలని నాలుగైదు అంగుళాలు ఎత్తు చేస్తే ఆవరణంతా ఈశాన్యానికి వాలుతుంది, అక్కడ చాంబర్ కట్టి నీళ్లని పైపులో దక్షిణం డ్రెయినుకి పంపిస్తే మీ నాన్నగారి మాటా దక్కుతుంది, నీళ్లూ పోతాయి. డ్రెయిను లోతు అంతకంటే తక్కువగా ఉంటే ఈ లెక్క కుదరదు, ఈశాన్యాన్ని ఆ మేరకు పైకి లేపాల్సిందే. కాబట్టి మట్టికి బేరమాడకముందే ఆటో లెవెల్ (ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) ఉన్న సర్వేయర్‌ని పిలిచి రోడ్డు నడిమట్టం, డ్రెయిను అడుగు, మీ స్థలం నాలుగు మూలలూ, పక్కాయన ఆవరణ లెవెల్స్ తీయించండి. ఎవరూ కదల్చని చోట, కల్వర్టు గోడ మీదో స్తంభం దిమ్మె మీదో పెయింట్‌తో బెంచ్ మార్క్ (లెవెల్స్ అన్నీ పోల్చుకునే గుర్తు) పెట్టించుకోండి. మేస్త్రి నీళ్ల పైపుతో లెవెల్ చూడటం గది లోపలికి సరిపోతుంది, దీనికి చాలదు. ఇంటి ప్లింత్ చుట్టూ ఉన్న నేలకి కనీసం 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర పైన ఉండాలని నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతుంది. రోడ్డు మళ్లీ మళ్లీ వేస్తూ పెంచుకుంటూ పోతారు కాబట్టి ఇంకో ఆరంగుళాలు కలుపుకున్నా ఎక్కువేం కాదు. ఈశాన్యంలో ఇంకుడు గుంత పెట్టమని ఎవరైనా అంటే, మీ నేలలో అది పునాది పక్కనే నల్లమట్టిని తడిపి పెట్టడం తప్ప మేలు చేయదు.

పక్కాయన భయం నీళ్ల గురించే అయినా, ఆయన గోడ గురించి మీరు ఇంకా ఎక్కువ భయపడాలి. కాంపౌండ్ గోడ గాలికి నిలబడేలా కడతారు, మట్టి మోయడానికి కాదు. నాలుగడుగుల మట్టి దానికి ఆనించి పోస్తే మొదటి పెద్ద వానకే అటు వంగుతుంది. మట్టి ఎత్తు రెట్టింపైతే గోడ మీద తోపు నాలుగు రెట్లవుతుంది, దాన్ని పడగొట్టే బలం ఎనిమిది రెట్లవుతుంది. నీళ్లు కూడా చేరితే ఇంకా పెరుగుతుంది. మీ హద్దులో, మట్టిని ఆపే మీ సొంత రిటైనింగ్ గోడ ఇంజనీరు డిజైన్‌తో కట్టి, అప్పుడే ఆ వైపు మట్టి పోయండి. ఈ ఖర్చు కాంట్రాక్టరు ఎస్టిమేట్‌లో ఉండదు, అందుకే ముందే చెబుతున్నాను. గోడ వెనక నీళ్లు దిగడానికి మామూలుగా రంధ్రాలు పెడతారు, హద్దు గోడకి అలా పెడితే ఆ నీళ్లు పక్కాయన ఆవరణలోకే పోతాయి. వాటి బదులు గోడ వెనక అడుగున కంకర వేసి, చిల్లుల పైపు పెట్టి, దాన్నీ దక్షిణం డ్రెయినుకే కలపండి. ఆ డ్రాయింగ్ తీసుకుని ఒక సాయంత్రం పక్కాయన ఇంటికి వెళ్లి చూపించండి. గోడ దగ్గర వైబ్రేషన్ రోలర్ పెట్టనని, ఆయన గోడ మీద ఇప్పటికే ఉన్న బీటల ఫోటోలు ఇద్దరం కలిసి తీసుకుందామని చెప్పండి. ఇరవై ఏళ్లు పక్కపక్కన ఉండాల్సిన వాళ్లు.

డబ్బు దగ్గర, ట్రిప్పుల లెక్కన మాట్లాడుకోకండి. పైపొర గీకాక పదడుగుల గళ్లుగా లెవెల్స్ తీయించి, మట్టి పూర్తయ్యాక మళ్లీ అవే చోట్ల తీయించి, మధ్యలో ఎంత కుదించిన మట్టి ఉందో దానికి ఘనపుటడుగు రేటు ఇవ్వండి. అప్పుడు తడిపి తొక్కించినందుకు కాంట్రాక్టరుకి నష్టం రాదు, వదులుగా పోసినందుకు లాభమూ ఉండదు. రేటు ఎక్కువ చెబుతాడు, చెప్పనివ్వండి. ఆ రేటులోనే నీళ్లు, రోలింగ్, పరీక్ష ఉన్నాయని కాగితం మీద రాయించుకోండి. కుదరదు, ట్రిప్పులే అంటే మాత్రం ప్రతి బండి బాడీ కొలిచి నంబరు రాసుకోవాలి, దించకముందే మట్టి చూడాలి. మొదటి పది బండ్లు మంచి గ్రావెల్ వచ్చి, చీకటి పడ్డాక నల్లమట్టి రావడం ఈ పనిలో మామూలు. రాత్రి దించడం ఒప్పుకోకండి. జేసీబీ గంటలు మీటర్‌లో మొదలైనప్పుడూ ఆగినప్పుడూ ఫోటో తీయండి.

చెదల మందు ఫ్లోరింగ్ కాంక్రీటుకి ముందు కొట్టించాలి, మరచిపోకండి. నీళ్ల పైపులు, డ్రైనేజీ పైపులు ఎక్కడెక్కడ వెళ్తాయో ముందే నిర్ణయించి, వాటి కోసం కుదించిన మట్టిని తవ్వినప్పుడు మళ్లీ అదే పద్ధతిలో పూడ్పించండి.

చివరగా మనుషుల సంగతి. పునాది గుంట అయిదడుగులు దాటితే నిటారు అంచుల మధ్య ఎవర్నీ దింపనివ్వకండి. అంచులు వాలుగా తవ్వించాలి, లేదా పలకలతో ఆపు పెట్టించాలి. నల్లరేగడి ఎండాకాలంలో గోడలా నిలబడినట్టే ఉంటుంది, నెర్రె దగ్గర ఉన్నట్టుండి పెళ్లగా విరిగిపడుతుంది. ఒక ఘనమీటరు మట్టి టన్నున్నర పైన తూగుతుంది. మీద పడితే ఊపిరి తీసుకునే వీలుండదు. తవ్విన మట్టి గుంట అంచునుంచి కనీసం అయిదడుగుల దూరంలో పోయించండి, జేసీబీ అంచు దగ్గర నిలబడి ఉండగా లోపల మనిషి ఉండకూడదు. నిచ్చెన ఎప్పుడూ గుంటలోనే ఉండాలి. ఈ నాలుగు మాటలు మేస్త్రితో ముహూర్తం రోజే గట్టిగా చెప్పండి, పని ఆయనదే అయినా స్థలం మీది. సర్వేయర్ లెవెల్స్, ల్యాబ్ కాగితం చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి. ప్లింత్ ఎత్తు, రిటైనింగ్ గోడ మందం గురించి మీ ఇంజనీరు చెప్పింది కూడా జత చేస్తే, ఏ అంకె దగ్గర ఇంకోసారి అడగాలో చెబుతాను.